చార్మినార్ రాత్రి ఫొటో: ఏ వేళకి, ఏ వైపు నుంచి, దేంతో తీయాలి?

మాది కాకినాడ. పని మీద ఏడాదికి మూడు నాలుగుసార్లు హైదరాబాద్ వెళ్తుంటాను. పగలంతా పని, రాత్రికి తిరుగు బండి, మధ్యలో చేతికి చిక్కేది ఒక్క సాయంత్రం. ఆ ఒక్క సాయంత్రంలోనే చార్మినార్‌ని దీపాల వెలుగులో సరిగ్గా పట్టుకోవాలని చాలా తిప్పలు పడ్డాను. మొదటిసారి తీసిన ఫొటోలు ఇప్పటికీ ఫోన్లో ఉన్నాయి. నల్లటి ఆకాశం, మధ్యలో పసుపుపచ్చ ముద్ద, కింద తెల్లగా వెలిసిపోయిన దుకాణాలు. తప్పు ఫోనుదే అనుకుని రెండోసారి మా తమ్ముడి దగ్గర డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా, ట్రైపాడ్ అరువు తీసుకుని మరీ మోసుకెళ్ళాను. మళ్ళీ అవే ఫొటోలు, కాకపోతే సైజు పెద్దవి.

మూడోసారి పని తొందరగా తెమిలింది. గంట ముందే అక్కడికి చేరాను. చేతిలో అదే పాత ఫోను. ఆ రోజు వచ్చిన ఫొటోకి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నాం. అందుకే ఎవరైనా 'ఏ కెమెరా కొనమంటావు' అని అడిగితే, 'ముందు అక్కడికి ఎన్నింటికి వెళ్తున్నావు' అని అడుగుతాను. వేళ, తర్వాత నిలబడే చోటు, ఆ తర్వాతే చేతిలో వస్తువు. ఇక్కడ కూడా ఆ వరసలోనే చెప్తాను.

ఏ వేళకి వెళ్ళాలి

రాత్రి ఫొటో అంటే బాగా చీకటి పడ్డాక తీసేది అనుకుంటాం. చూడగానే అబ్బ అనిపించే రాత్రి ఫొటోల్లో చాలావరకు అలా తీసినవి కావు. పొద్దు కుంకిన పావుగంటకి మొదలై, ఆ తర్వాత ఇంకో పావుగంట మాత్రం నిలిచే వెలుగులో తీసినవి. అప్పటికి మన కంటికి చీకటి పడిపోయినట్టే ఉంటుంది గానీ కెమెరాకి ఆకాశం ఇంకా ముదురు నీలంగా కనిపిస్తుంది. కట్టడం మీద పడే దీపాల వెలుగూ, ఆకాశంలో మిగిలిన వెలుగూ కాసేపు సరిసమానంగా ఉంటాయి. ఆ కాసేపట్లో తీస్తే మినార్ల అంచులు నీలం మీద గీత గీసినట్టు వస్తాయి. అరగంట ఆలస్యమైతే ఆకాశం బొగ్గు, కట్టడం నిప్పు. ఆ రెంటినీ ఒకే ఫొటోలో ఇమడ్చడం ఎంత ఖరీదైన కెమెరాకైనా కష్టమే.

దీన్నే బ్లూ అవర్ అంటారు. పేరులో అవర్ ఉంది గానీ మన దగ్గర అంతసేపు ఉండదు. మనం భూమధ్యరేఖకి దగ్గర్లో ఉన్నాం కాబట్టి సూర్యుడు దాదాపు నిటారుగా దిగిపోతాడు, చీకటి గబుక్కున పడుతుంది. యూరప్ వాళ్ళ వీడియోలు చూసి తీరిగ్గా చాయ్ తాగి మొదలుపెడదాం అనుకుంటే చాయ్ పూర్తయ్యేలోపు నీలం పోతుంది. నేను ఒకసారి సరిగ్గా అలాగే పోగొట్టుకున్నాను. చాయ్ మాత్రం బాగుంది.

హైదరాబాద్‌లో నవంబర్ చివర్లో సాయంత్రం 5:40 ప్రాంతంలోనే సూర్యాస్తమయం. జులై మొదట్లో దాదాపు 6:55. 'ఏడింటికి వెళ్తే సరిపోతుంది' అనే లెక్క జులైలో సరిగ్గా కుదురుతుంది, డిసెంబర్‌లో గంట ఆలస్యం అవుతుంది. ఇంట్లో గోడ క్యాలెండర్ చూసి బయల్దేరేవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. అందులో సూర్యాస్తమయం ఏ ఊరికి లెక్కగట్టారో చూసుకోండి. కాకినాడ కంటే హైదరాబాద్ పడమరగా ఉంది కాబట్టి అక్కడ పొద్దు సుమారు పావుగంట ఆలస్యంగా కుంకుతుంది. మొత్తం బ్లూ అవరే అరగంట లేనిచోట పావుగంట తేడా చిన్నదేం కాదు.

సూర్యాస్తమయానికి కనీసం అరగంట ముందు అక్కడ ఉండాలన్నది నా పట్టు. వెలుతురు ఉండగానే చోటు చూసుకోవచ్చు, అడ్డం వచ్చే కరెంటు తీగలు ఎక్కడున్నాయో కనిపిస్తాయి. దీపాలు వెలిగిన దగ్గర్నుంచి రెండు మూడు నిమిషాలకి ఒకటి చొప్పున తీస్తూ పోండి. ఏది బాగుందో ఇంటికెళ్ళాక తేలుతుంది. నా విషయంలో ప్రతిసారీ 'అరే, ఇక చీకటి పడిపోయిందే' అనుకుంటూ తీసిందే బాగుంటోంది.

మరి పూర్తి రాత్రి పనికిరాదా అంటే, పనికొస్తుంది, వేరే రకం ఫొటోకి. మొత్తం కట్టడాన్ని ఆకాశంతో సహా తీయాలనే ఆశ వదిలేసి దగ్గరికి వెళ్ళి తీస్తే నడిరాత్రి బాగుంటుంది. కమానుల అంచున ఉన్న సున్నపు పని, మినారు చుట్టూ తిరిగే బాల్కనీలు, నాలుగు వైపులా ఉన్న గడియారాల్లో ఒకటి, ఇలా. చార్మినార్ కట్టింది 1591లో, గడియారాలు పెట్టింది 1889లో. మూడు వందల ఏళ్ళ తేడా ఉన్న రెండు పనులు ఒకే ఫ్రేములో దొరికేది అలా దగ్గర్నుంచి తీసినప్పుడే. రాత్రి 11 దగ్గర పడేకొద్దీ దుకాణాలు మూసేస్తారు, వాటితోపాటే వీధిలో సగం వెలుగు పోతుంది. జనం పలచబడతారు. ఎవరూ అడ్డం రాకుండా తీసుకోవాలనుకునేవాళ్ళకి ఇది నయం.

తెల్లవారుజాము సంగతి చాలామంది ఆలోచించరు. రాత్రి బస్సులో వచ్చి తెల్లవారకముందే ఎంజీబీఎస్‌లో (హైదరాబాద్ పెద్ద బస్టాండు) దిగేవాళ్ళకి నేను గట్టిగా చెప్పే సలహా ఇదే. సాయంత్రం దొరికిన నీలమే సూర్యోదయానికి ముందూ దొరుకుతుంది, రోడ్డు మాత్రం ఖాళీ. పావురాలు లేస్తుంటాయి, ఇరానీ హోటళ్ళలో మొదటి చాయ్ దిగుతుంటుంది. కట్టడం మీద ఫ్లడ్‌లైట్లు వెలుగుతుంటాయని మాత్రం ఆశ పెట్టుకోకండి. వీధి దీపాల వెలుగులో, కాస్త మసకగా, అదొక అందం. జిగేల్‌మనే ఫొటో కావాలంటే సాయంత్రమే వెళ్ళండి. చార్మినార్ ఒంటరిగా ఎలా ఉంటుందో చూడాలంటే తెల్లవారుజామున వెళ్ళండి, వీలైతే తోడు తీసుకుని.

రంజాన్ నెల దీనికి పూర్తిగా తలకిందులు. అర్ధరాత్రి దాటినా బజారు నిండుగా ఉంటుంది, బండ్ల మీద దీపాలు, హలీం దగ్గర గుంపులు. ట్రైపాడ్ విప్పుదామంటే కాళ్ళు పెట్టే జాగా ఉండదు. చార్మినార్ ఫొటో కావాలా, చార్మినార్ చుట్టూ బతికే జనం ఫొటో కావాలా అని ముందే తేల్చుకుంటే ఏ నెలలో వెళ్ళాలో దానంతటదే తేలుతుంది. మామూలు నెలల్లో ఆదివారం సాయంత్రం ఎటూ కాకుండా పోతుంది. రంజాన్ కళ ఉండదు, జనానికి మాత్రం లోటుండదు. మంగళ, బుధవారాలు నాకు బాగా కలిసొచ్చాయి.

ఇక వాన. ట్రిప్పు మధ్యలో వాన పడితే తిట్టుకుంటాం గానీ రాత్రి ఫొటోకి అంతకన్నా అదృష్టం లేదు. చార్మినార్ చుట్టూ నడక కోసం రాతి పలకలు పరిచారు. తడిస్తే అవి అద్దంలా మెరుస్తాయి. వాన వెలిసిన పది నిమిషాల్లో అరచేయంత నీటి గుంట వెతకండి. ఫోన్‌ని తలకిందులుగా తిప్పి లెన్స్ నీటికి వేలెడు ఎత్తులో ఉండేలా పట్టుకోండి. అరచేయంత గుంటలోనే నాలుగు మినార్లూ కనిపిస్తాయి. చుట్టుపక్కల వాళ్ళు మీ వంక వింతగా చూస్తారు. చూడనివ్వండి.

ఏ వైపు నిలబడాలి

చార్మినార్‌కి నాలుగు వైపులా నాలుగు కమానులు, నాలుగు దిక్కులకీ నాలుగు దారులు. కట్టడం ఏ వైపు నుంచి చూసినా ఒకేలా ఉంటుంది కాబట్టి ఎక్కడ నిలబడితే ఏముందిలే అనిపిస్తుంది. వెనక ఆకాశమూ, ముందు వీధీ నాలుగు వైపులా నాలుగు రకాలు.

ఉత్తరం వైపు, అంటే పత్తర్‌గట్టి నుంచి వచ్చే దారి, నా మొదటి ఎంపిక. అక్కడ గుల్జార్ హౌజ్ అనే పాత ఫౌంటెన్ ఉంది, దాని చుట్టూ నాలుగు దిక్కులా చార్ కమాన్ అని పిలిచే నాలుగు పెద్ద కమానులు. గుల్జార్ హౌజ్‌కి అటువైపు, మచ్లీ కమాన్ దగ్గర నిలబడి దక్షిణం వైపు చూస్తే, ఎదురుగా ఉన్న చార్మినార్ కమాన్ లోంచి అసలు చార్మినార్ కనిపిస్తుంది. గుమ్మంలోంచి ఇంట్లోకి తొంగి చూసినట్టు ఉంటుంది. చార్మినార్‌కి ఇన్ని లక్షల ఫొటోలు ఉన్నా ఇలా కమానులో కమాను పెట్టి తీసినవి తక్కువే. ఒక్కటే ఇబ్బంది, ఈ దారిలో ఆటోలు, బైకులు, తోపుడు బళ్ళు తిరుగుతుంటాయి. రోడ్డు మధ్యలోకి వెళ్ళకండి. పక్కకి నిలబడితే చార్మినార్ కమాను మధ్యలోంచి కాస్త జరుగుతుంది, అయినా పర్వాలేదు, అచ్చంగా మధ్యలోనే ఉండాలని రూలేమీ లేదు.

తూర్పు వైపు, సర్దార్ మహల్ దారిలో నిలబడితే మీ ముఖం పడమటి వైపు ఉంటుంది. సూర్యుడు దిగిన వైపు కాబట్టి మినార్ల వెనక ఆకాశంలో కెంజాయ ఎక్కువసేపు నిలుస్తుంది. నీలం కన్నా నారింజ, గులాబీ రంగులు ఇష్టమైతే ఇదే మీ చోటు. ఆలస్యంగా చేరుకున్నవాళ్ళకి కూడా ఇదే దిక్కు. మిగతా మూడు వైపులా ఆకాశం నల్లబడ్డాక కూడా ఇటు ఇంకో ఐదు పది నిమిషాలు వెలుగు మిగిలి ఉంటుంది.

దీనికి సరిగ్గా ఎదురు, పడమటి వైపున లాడ్ బజార్. అక్కడ నిలబడితే వెనక తూర్పు ఆకాశం, నీలం ముందుగా ముదిరేది అక్కడే. ముందేమో గాజుల దుకాణాల మెరుపు. ఫోన్ చూడగానే దుకాణాల వెలుగుకే కళ్ళప్పగించేస్తుంది, చార్మినార్ వెనక ఎక్కడో చీకట్లో పడిపోతుంది. అందుకని ఇక్కడ చార్మినార్‌ని వెనక ఉంచి, ముందు గాజులో మనిషో ఉండేలా తీయడమే మేలు. దాని గురించి చివర్లో చెప్తాను. చంద్రుడు కూడా కావాలనుకునేవాళ్ళు ఈ వైపే రావాలి, కాకపోతే పౌర్ణమి నాడు కాదు, దానికి ముందు రోజు. పౌర్ణమికి సూర్యుడు దిగే వేళకి చంద్రుడు అప్పుడే పొడుస్తుంటాడు, ఇళ్ళ చాటు దాటి పైకి వచ్చేసరికి నీలం అయిపోతుంది. చతుర్దశి నాడైతే ముక్కాలు గంట ముందే పైకి వచ్చి ఉంటాడు. అయినా చంద్రుడు పొడిచే చోటు నెలనెలా ఉత్తరానికో దక్షిణానికో జరుగుతుంటుంది. అనుకున్న మినారు పక్కకే వస్తాడని మాట ఇవ్వలేను.

దక్షిణం వైపు నుంచి నేను పెద్దగా తీయను. మక్కా మసీదు పక్కనే ఉంది, చార్మినార్‌కి ఆనుకునే గుడి ఉంది, ప్రార్థనలకి, దర్శనానికి వచ్చేవాళ్ళు ఉంటారు, పోలీసు బందోబస్తు ఉంటుంది. తీయకూడదని కాదు. ఎవరి ముఖం మీదికీ కెమెరా పెట్టకుండా, ఫ్లాష్ వాడకుండా నాలుగు తీసుకుని జరిగిపోతే ఎవరూ ఏమీ అనరు.

ఇంకో దారి ఉంది. చుట్టుపక్కల మేడ మీద కిటికీ ఉన్న హోటల్‌కో దుకాణానికో వెళ్ళి, ఏదైనా కొని, 'రెండు ఫొటోలు తీసుకోవచ్చా' అని అడగడం. ఒక అంతస్తు పైకి వెళ్తే జనం తలలు, తీగలు కిందకి పోతాయి. కెమెరాని ఆకాశం వైపు అంతగా ఎత్తక్కర్లేదు కాబట్టి మినార్లు లోపలికి వంగినట్టు రావు. అద్దం కిటికీ అయితే ఫోన్‌ని అద్దానికి ఆనించి చుట్టూ కర్చీఫ్ కప్పండి, లేకపోతే మీ వెనక ట్యూబ్‌లైటే ఫొటోలో పడుతుంది. చార్మినార్ మీదికే ఎక్కి ఊరిని తీద్దాం అనుకుంటే అది టికెట్ వేళల్లో, పగటిపూట పని. డ్రోన్ ఆలోచన పెట్టుకోకండి. ఆ గుంపు మీద, ఆ బందోబస్తు మధ్య ఎగరేయడానికి అనుమతులు తెచ్చుకోవడం ఒక్క సాయంత్రంతో తేలేది కాదు.

ఎంత దూరంలో నిలబడాలనేది కూడా లెక్కే. చార్మినార్ ఎత్తు దాదాపు 49 మీటర్లు. దగ్గరికి వెళ్ళి ఫోన్ పైకెత్తి తీస్తే నాలుగు మినార్లూ ఒకదాని మీద ఒకటి వాలినట్టు వస్తాయి. ఫోన్‌ని నిలువుగా, పైకీ కిందకీ వంచకుండా పట్టుకుని, మామూలు 1ఎక్స్ లెన్స్‌లోనే మినారు కొన దాకా పట్టాలంటే సుమారు 65, 70 మీటర్లు వెనక్కి ఉండాలి. నడిస్తే వంద అంగలు. కమాను కింద నుంచి లెక్కపెట్టుకుంటూ వెనక్కి నడవండి, వెనక బండి ఏదైనా వస్తోందేమో చూసుకుంటూ. అంత దూరం వెళ్ళే ఓపిక లేక చాలామంది 0.5 అల్ట్రావైడ్‌కి మారిపోతారు. చాలా ఫోన్లలో ఆ లెన్స్ వెనక వెలుగుని పట్టే సెన్సర్ చిన్నది, వెలుగు తక్కువ తీసుకుంటుంది. పగలు దాని లోపం తెలీదు, రాత్రి పేలాలు వేయించినట్టు చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది.

ఫోనా, కెమెరానా

చేత్తో పట్టుకుని తీసేవాళ్ళకి ఫోనే. కెమెరాతో పాటే వచ్చే మామూలు 18-55 కిట్ లెన్స్ ఉన్న డీఎస్‌ఎల్‌ఆర్ కన్నా గత నాలుగైదేళ్ళలో వచ్చిన ఓ మాదిరి మంచి ఫోను ఈ పనిలో మెరుగు. కెమెరా ఉన్నవాళ్ళు ఒప్పుకోరు, లెక్క చూడండి. దీపాలు వెలిగిన చార్మినార్‌ని సంధ్య వేళ ఎఫ్/3.5 దగ్గర (ఈ అంకె ఎంత తక్కువైతే లెన్స్ అంత వెలుగు తీసుకుంటుంది) చెయ్యి వణుకు కనపడకుండా 1/50 సెకనులో తీయాలంటే ఐఎస్ఓ 1600 పైకి వెళ్ళాలి. ఐఎస్ఓ అంటే వెలుగు చాలనప్పుడు కెమెరా పెంచుకునే సున్నితత్వం, అది పెరిగేకొద్దీ ఫొటోలో చుక్కలు పెరుగుతాయి. ఫోన్ లెన్స్ ఎఫ్/1.8 ఉంటుంది, ఐఎస్ఓ 500 దగ్గరే ఆగుతుంది. పైగా నైట్ మోడ్ వరసగా చాలా ఫొటోలు తీసి వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి చుక్కల్ని తగ్గిస్తుంది. 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ ఉందిగా అంటారా, చిన్న సెన్సర్ కెమెరా మీద అది బాగా దగ్గరికి లాగుతుంది, మినార్ల కొనలు పట్టాలంటే వంద మీటర్ల పైచిలుకు వెనక్కి పోవాలి. మధ్యలో ఎన్ని తోపుడు బళ్ళు వస్తాయో లెక్కపెట్టుకోండి.

ట్రైపాడ్ ఉంటే మాత్రం లెక్క తిరగబడుతుంది. కెమెరాని కదలకుండా నిలబెట్టి ఐఎస్ఓ 100, ఎఫ్/8, 2 సెకన్లు అని మొదలుపెట్టి, ఆకాశం చీకటి పడేకొద్దీ 4, 6 సెకన్లు అని పెంచుకుంటూ పోతే వచ్చే స్పష్టత ఏ ఫోనూ ఇవ్వలేదు. ఎదురుగా నడిచే జనం 6 సెకన్లలో పొగలా కరిగిపోతారు, నిలబడి కబుర్లు చెప్పుకునేవాళ్ళు మాత్రం మిగులుతారు. గోడంత ప్రింటు వేయించుకోవాలనుకుంటే ఇదే దారి. వాట్సాప్‌లో పంపడానికైతే ఇంత మోత అక్కర్లేదు.

అయితే ట్రైపాడ్ విప్పనివ్వాలి కదా. పురావస్తు శాఖ కట్టడాల ఆవరణలో ట్రైపాడ్‌కి ముందే అనుమతి ఉండాలి. బయట రోడ్డు మీద విప్పినా జనం నడిచే దారిలో మూడు కాళ్ళు చాపితే ఎవరో ఒకరు అభ్యంతరం చెప్తారు. నేను విప్పిన ఐదో నిమిషంలో డ్యూటీలో ఉన్నాయన వచ్చి తీసేయమన్నాడు. పక్కనే బండి తోసుకుంటూ పోతున్న అబ్బాయి 'అన్నా, జర పక్కకు జరుగు' అని అప్పటికే రెండుసార్లు అన్నాడు. ఇద్దరిదీ న్యాయమే.

అప్పట్నుంచీ నా సంచిలో ఉండేది అర కిలో పెసలు. అవును, పెసలే. మా అమ్మ పాత గుడ్డ ముక్కతో కుట్టిన చిన్న సంచిలో పోసి మూతి కుట్టేసింది. దాన్ని అరుగు మీదో, పార్క్ చేసిన స్కూటర్ సీటు మీదో (ఓనర్ని అడిగి) పెట్టి, మధ్యలో గుంట చేసి ఫోన్ కూర్చోబెడితే కదలదు. మూడు సెకన్ల టైమర్ పెట్టి చెయ్యి తీసేయడమే. కదలకుండా ఉందని తెలిసిపోగానే చాలా ఫోన్లు నైట్ మోడ్‌లో మరికాసేపు వెలుగు తీసుకుంటాయి, ఫొటో ఇంకా శుభ్రంగా వస్తుంది. దాన్ని చూసి ఎవరూ పర్మిషన్ అడగలేదు ఇంతవరకు. జానెడు ఎత్తు ఉండే మినీ ట్రైపాడ్లు కూడా ఇదే పని చేస్తాయి, వాటికీ కింద అరుగో గోడో ఉండాల్సిందే. నిలువెత్తు ట్రైపాడ్‌ని నేనిప్పుడు కాకినాడలోనే వదిలేసి వస్తున్నాను.

ఫోన్‌తో తీసేవాళ్ళు మూడు పనులు చేస్తే చాలు. మొదటిది, లెన్స్ తుడవడం. నవ్వకండి. రోజంతా చేతి చెమట, జేబు దుమ్ము, మధ్యాహ్నం బిర్యానీ తిన్న వేళ్ళు, అన్నీ దాని మీదే ఉంటాయి. పగలు తెలీదు గానీ రాత్రి ప్రతి దీపం చుట్టూ మంచు పట్టినట్టు వస్తుంది. రెండోది, చార్మినార్ మీద వేలితో నొక్కి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తుని కిందికి లాగడం. నైట్ మోడ్‌కి రాత్రిని పగలు చేసేయాలనే ఆత్రం ఎక్కువ. కాస్త చీకటిని ఉండనిస్తేనే గోడల మీద సున్నపు పని కనిపిస్తుంది. మూడోది, ఫ్లాష్ ఆపేయడం. దాని వెలుగు మూడు నాలుగు మీటర్లు దాటి పోదు, 49 మీటర్ల కట్టడానికి అది సముద్రంలో కాకిరెట్ట.

దుకాణాల ఎల్‌ఈడీ బోర్డుల మీద చారలు పడుతుంటే అది ఫోన్ జబ్బు కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్, దానివల్ల ఆ దీపాలు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. షట్టర్‌ని, అంటే వెలుగు తీసుకునే సమయాన్ని, సెకనులో 1/50 గానీ 1/100 గానీ పెడితే చారలు పోతాయి. రంగుల సంగతి దగ్గర నేను పెద్దగా పట్టించుకోను. కట్టడం మీద పసుపు వెలుగు, దుకాణాల్లో పాలలాంటి తెల్ల వెలుగు, రెంటినీ ఒకేసారి సరిచేయడం కుదరదు. వీలుంటే రా ఫైల్‌లో (ఫోన్ రంగులు సరిచేయకముందటి ఫైల్) తీసుకుని ఇంటికెళ్ళాక పసుపుని కాస్త తగ్గించండి. పూర్తిగా తీసేస్తే సున్నం వేసిన గోడలా తయారవుతుంది.

చార్మినారే కావాలా?

ఇదీ అడగాల్సిన ప్రశ్నే. వాహనాల దీపాలు ఎర్రటి తీగల్లా సాగిపోయే ఫొటో కావాలంటే చార్మినార్ దానికి సరైన చోటు కాదు, దాని చుట్టూ నడిచేవాళ్ళదే రాజ్యం. దానికి ట్యాంక్‌బండ్ వైపో, 2020లో తెరిచిన దుర్గం చెరువు కేబుల్ వంతెన వైపో వెళ్ళాలి. వంతెన మీద బండి ఆపి తీసే పిచ్చిపని చేయకండి, చెరువు ఒడ్డు నుంచి తీస్తేనే నీళ్ళలో నీడ కూడా వస్తుంది. అక్కడి దీపాలు రంగులు మారుతుంటాయి కాబట్టి పది సెకన్లు తెరిచి ఉంచితే అన్ని రంగులూ కలిసి వెలిసిపోతాయి. ఒకటి రెండు సెకన్లు చాలు.

నిమ్మళంగా ట్రైపాడ్ వేసుకుని నేర్చుకోవాలనుకునే కొత్తవాళ్ళకి హుస్సేన్ సాగర్ గట్టు మంచిది. 1992లో నిలబెట్టిన బుద్ధ విగ్రహం చుట్టూ నీళ్ళే, అడ్డం వచ్చే తీగలు లేవు, నీళ్ళ మీద వెలుగు పది పదిహేను సెకన్లలో పట్టులా పరుచుకుంటుంది. పడవెక్కి వెళ్ళి తీద్దామనుకోకండి, పడవ ఊగుతుంటే ఏ నైట్ మోడూ కాపాడలేదు. సాంకేతికంగా చూస్తే నేను అక్కడ తీసినవే చార్మినార్ ఫొటోల కన్నా శుభ్రంగా ఉన్నాయి. అయినా తర్వాతి ట్రిప్పులో మళ్ళీ పాతబస్తీకే వెళ్తాను.

వాచీ చూసుకుని నిర్ణయించుకునేవాళ్ళ కోసం నా లెక్క చెప్తాను. రాత్రి బస్సు ఎంజీబీఎస్ నుంచే ఉంటే చార్మినార్ దగ్గరే, రెండో ఆలోచన వద్దు. సికింద్రాబాద్‌లో ఎనిమిది, తొమ్మిది గంటల బండి ఉంటే సాయంత్రం ట్రాఫిక్‌లో పాతబస్తీ నుంచి తిరిగి రావడం టెన్షన్. అలాంటప్పుడు ట్యాంక్‌బండే నయం, స్టేషన్‌కి దగ్గర. బండి తప్పిపోతుందేమోనని గుండె పీచుపీచుమంటుంటే చెయ్యి నిలకడగా ఉండదు. నాకు అనుభవమే.

ఇంట్లోవాళ్ళతో వెళ్తే

పైన చెప్పినవన్నీ ఒంటరిగా వెళ్ళేవాళ్ళ లెక్కలు. అమ్మానాన్నలనీ పిల్లలనీ తీసుకెళ్తే వాళ్ళని అరగంట రోడ్డు మీద నిలబెట్టి ఆకాశం నీలం అయ్యేదాకా ఆగమంటే తిట్లు తప్పవు. వాళ్ళ వెనక చార్మినార్ రావాలి, వాళ్ళ ముఖాలూ కనిపించాలి. ఇక్కడే అందరూ ఫ్లాష్ వేసి పాడుచేస్తారు. ముఖాలు పిండి రాసినట్టు తెల్లగా, వెనక అంతా చీకటి. చార్మినార్‌కి ఎదురుగా నడిరోడ్డు మీద నిలబెడితే ఇంకో రకం నష్టం, వెలుగంతా వెనక నుంచి వచ్చి ముఖాలు నల్లగా పడతాయి.

లాడ్ బజార్ మొదట్లో గాజుల దుకాణం పక్కన నిలబెట్టండి. దుకాణం లోపలి తెల్లటి వెలుగు పక్క నుంచి ముఖం మీద మెత్తగా పడుతుంది, స్టూడియో లైటు కన్నా బాగా. మీరు వీధి లోపలికి పది అంగలు వేసి, చార్మినార్ వాళ్ళ భుజం వెనక కనిపించేలా తిరగండి. నైట్ మోడ్ ఆపేయండి, లేకపోతే వాళ్ళు తల తిప్పితే రెండు ముక్కులు వస్తాయి. పోర్ట్రెయిట్ మోడ్ కూడా వద్దు, అది చార్మినార్‌ని మసక చేసి పెళ్ళి సెట్టింగ్‌లా మార్చేస్తుంది.

పోయిన శీతాకాలం అమ్మని తీసుకెళ్ళినప్పుడు నేను అనుకున్న ప్లాను వేరు. గుల్జార్ హౌజ్ దగ్గర పెసల సంచి కూడా సిద్ధంగా పెట్టుకున్నాను. అమ్మ ఆగలేదు, గాజులు చూస్తానని లాడ్ బజార్ లోకి నడిచింది. వెనకాలే వెళ్ళాను. లక్క గాజుల డజను చేతిలో పట్టుకుని, 'ఈ రాళ్ళు ఊడిపోతే ఎవరికి చెప్పుకోవాలి నాయనా' అని దుకాణం అబ్బాయిని నిలదీస్తోంది. అబ్బాయి నవ్వుతున్నాడు. చేతిలో గాజులు వెలుగుకి మెరుస్తున్నాయి, వీధి చివర నీలం ఇంకా పూర్తిగా పోలేదు. 1/50, ఎక్స్‌పోజర్ ఒక మెట్టు కిందికి, ఒక్కటే తీశాను. ఫొటో చూపిస్తే అమ్మ తన ముఖం చూసుకోలేదు. 'చూడు, ఇదిగో ఈ రాయి అప్పుడే వదులుగా ఉంది' అంది.